కోట గారంటే కోడి సీనేనా?

పాతరీలు
కోట శ్రీనివాసరావు గారు పోయిన దగ్గర్నుంచి చూస్తున్నా, ఏ ఛానెల్ పెట్టినా ఏ రీల్ తిప్పినా అదే కోడి. అహ నా పెళ్ళంటలో తాడుకి వేలాడే కోడిని చూస్తూ ఉత్తన్నం తినే సీను. బానే ఉంటది, నాకూ ఇష్టమే, కాదన్లేదు. కానీ 1978లో మొదలుపెట్టి 40 ఏళ్ళ పైన చేశాడు, 750 సినిమాల పైమాటే అంటారు, అంత చేసిన మనిషిని ఒక్క కోడికి కట్టేసి పెట్టడమేంటి? మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, టీవీలో గణేష్ సినిమా వస్తుంటే చూసి ఈయన కామెడీ ఆయన కదా మామా ఇంత సీరియస్‌గా ఉన్నాడేంటి అన్నాడు. ఏం చెప్పాలో తెలీలా. హీరోకి ఒక ఇమేజ్ ఉంటది, జీవితమంతా విలన్‌గానే చేసినోడికీ ఒక పేరుంటది, మరి అన్నీ చేసినోడిని జనం ఏమని గుర్తుపెట్టుకోవాలి? మీకు కోట అనగానే ముందు ఏ సినిమా వస్తది, ఎందుకొస్తది, చెప్పండి. కోడి అన్నోళ్ళని బ్యాన్ చెయ్యమని అడ్మిన్‌కి చెప్తా.

గోంగూర_గుర్నాథం
కోడి.

పాతరీలు
అడ్మిన్ ఎక్కడున్నా రావాలి

బెజవాడ_బుల్లోడు
ప్రతిఘటన. ఇంక రెండో మాటే లేదు. 1985. అప్పటిదాకా విలన్ అంటే గొంతు పెంచేవాడు, లేదా రావుగోపాలరావు గారిలా మాట తిప్పి తిప్పి కొట్టేవాడు. ఇందులో మంత్రి కాశయ్య ఏమీ చెయ్యడు. కాళి పాత్రలో చరణ్‌రాజ్ ఒంటినిండా కోపం పెట్టుకుని తిరుగుతుంటే, ఈయన తెల్లబట్టలేసుకుని నవ్వుకుంటూ అందర్నీ ఇంట్లో మనిషిని పలకరించినట్టు పలకరిస్తాడు. చూసేవాడికి ఎవడంటే ఎక్కువ భయమేసిందో మీరే చెప్పండి. ఆ ఏడు నంది స్పెషల్ జ్యూరీ అవార్డు ఊరికే రాలేదు.

హిమబిందు_ఆర్
పైన బెజవాడ గారు చెప్పింది కరెక్టే. నేను ఒకటి గమనించాను ఏంటంటే ఆయన విలన్ పాత్రల్లో ఎదుటివాడు మాట్లాడేటప్పుడు ఆయన మొహం చూడాలి. వింటున్నట్టు ఉంటారు కానీ లోపల ఇంకేదో లెక్కేసుకుంటున్నట్టు తెలుస్తుంటుంది. కళ్ళు కొంచెం చిన్నవి చేసి పెదవి ఒక పక్కకి లాగుతారు, అంతే. డైలాగ్ వచ్చేసరికి మనకి సగం అర్థమైపోయి ఉంటుంది. చాలామంది ఎదుటివాడి డైలాగ్ ఎప్పుడవుద్దా, మనం ఎప్పుడు మొదలెడదామా అని కాసుక్కూచుంటారు చూడండి, ఆ తేడా.

నల్లగొండ_నర్సన్న
అందరు మంచిగనే పొగుడుతుండ్రు గని ఒక ముచ్చట అడుగుత, కోపానికి రావొద్దు. ప్రతిఘటనల కాశయ్య ఏ భాష మాట్లాడిండు? మా భాష. గాయంల గురునారాయణ ఏ భాష? మా భాషే. గణేష్‌ల ఆరోగ్య శాఖ మంత్రి? అదీ మాదే. హీరో ఎన్నడన్న గా భాషల మాట్లాడిండా? లంచగొండి, గూండా, తాగుబోతు, నవ్వులాటోడు, వీళ్ళకే తెలంగాణ యాస. చిన్నప్పుడు హాస్టల్‌ల గా డైలాగులు కొట్టి మమ్మల్ని ఎక్కిరిచ్చిన్రు. నేను నోరు తెరిస్తె సాలు, మంత్రి గారొచ్చిండ్రు అంటుండె పక్కబెడ్ పోరగాడు. కోట గారు గొప్ప నటుడు, కాదంటలేను. గని గా గొప్పతనంల మా ఒంతు కూడ కొంచెం ఉన్నది, గది కూడ రాయుండ్రి.

బెజవాడ_బుల్లోడు
నర్సన్నా, అది రాసినోళ్ళ తప్పు, తీసినోళ్ళ తప్పు. ఆయన చేసింది ఇచ్చిన పాత్ర.

నల్లగొండ_నర్సన్న
తప్పెవలదని అడుగుతలేనన్న. లెక్క పూర్తిగ రాయుమంటున్న.

రంగస్థలం_రాజు
నర్సన్న గారి బాధలో న్యాయం ఉంది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడ్డం కుదరదు. కానీ దాని పక్కనే ఇంకోటి కూడా చూడాలి. కోట గారు పుట్టింది కృష్ణా జిల్లా కంకిపాడులో. తెలంగాణ యాస ఆయన ఇంట్లో భాష కాదు. అయినా ఆ యాసని ఆయన వెక్కిరింతగా వాడలేదు, గమనించండి. మాటకి మాట సాగదీసి ఇదిగో ఇలా మాట్లాడతారంట అని మనకి చూపించడం ఒకటి, ఆ మనిషి అలాగే మాట్లాడతాడు కాబట్టి మాట్లాడ్డం ఇంకోటి. మొదటి రకం సినిమాల్లో బోలెడు చూశాం. ఆయనది రెండో రకం. గురునారాయణ నవ్వించడు. భయపెడతాడు.

ఇది నాటకం నుంచి వచ్చిన గుణం. ఆయన సినిమాల్లోకి రాకముందు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రాలు నాటకాలు. మొదటి సినిమా ప్రాణం ఖరీదు కూడా నాటకంగా ఆడిందే, 1978లో సినిమాగా వచ్చింది, చిరంజీవి గారిది కూడా జనం ముందుకొచ్చిన మొదటి సినిమా అదే. నేను నాటక పరిషత్తు పోటీల్లో చిన్నాచితకా వేషాలు వేసినవాణ్ణి. అక్కడ ఏమవుతుందంటే, స్టేజీ మీద పైన వేలాడే మైకులు రెండో మూడో ఉంటాయి, నువ్వు మైకుకి దూరంగా ఉన్నప్పుడు నీ మాట చివరి వరసకి చేరాలంటే అరిస్తే చేరదు, పదం చివర మింగకుండా పలికితే చేరుతుంది. కొత్తవాళ్ళంతా వాక్యం మొదట్లో ఊపిరంతా ఖర్చు పెట్టేసి క్రియాపదం దగ్గరికొచ్చేసరికి గుటక వేస్తారు. తెలుగులో అసలు సంగతంతా క్రియలోనే కదా ఉండేది. కోట గారి ఏ సినిమా అయినా కళ్ళు మూసుకుని వినండి, వాక్యం ఆఖరి అక్షరం దాకా గట్టిగా వినబడుతుంది. ఎంత గబగబా మాట్లాడినా సరే. ఆ అలవాటు స్టూడియోలో రాదు.

ఇంకోటి, పరిషత్తుల్లో ఒకే మనిషి ఈ నెల 60 ఏళ్ళ తండ్రి, వచ్చే నెల దొంగ, ఆపై నెల కరణం. ఎవడూ ఇమేజ్ అనడు. వేషం ఏది మిగిలితే అది. సినిమాకొచ్చాక ఆయన చేసింది కూడా అదే.

గోంగూర_గుర్నాథం
బ్యాంకులో ఉండగా లోన్ అడిగితే కూడా అలాగే కన్ను చిన్నది చేసి చూసేవారేమో

క్యాషియర్_రిటైర్డ్
గుర్నాథం, మేమంతా అలాగే చూసేవాళ్ళం, దానికి నటన అక్కర్లేదు.
రాజు గారు చెప్పిన నాటకాల సంగతి మా తరంలో మామూలు. బ్యాంకులు, రైల్వే, కరెంటాఫీసు, ఎక్కడ చూసినా ఒక నాటక సమాజం ఉండేది. జీతం నెలనెలా వస్తుంది కాబట్టి రంగస్థలం మీద డబ్బు ఆశ లేకుండా ఆడేవాళ్ళు. ఆ ఉద్యోగం వదిలి సినిమాకి వెళ్ళడం అంటే ఇంట్లోవాళ్ళు ఎన్నిసార్లు అన్నం దగ్గర పంచాయతీ పెట్టి ఉంటారో నాకు బాగా తెలుసు, మా ఇంట్లో ఒక్కసారి పెట్టారు, నేను అక్కడే ఆగిపోయాను.

ఓపెన్‌గా_చెప్తా
అందరూ భజన చేస్తున్నారు కాబట్టి ఒకడు తిట్టాలి, నేను ఆ పని తీసుకుంటా. 85 నుంచి 95 దాకా ఆయన చేసింది ఎవడూ చెయ్యలేదు, ఒప్పుకుంటా. కానీ 2000 తర్వాత సగం సినిమాల్లో ఒకటే కోట. తెల్ల చొక్కా, సోఫా, ఒక ఫోను, పక్కన ఇద్దరు మనుషులు, వాళ్ళ మీద చిరాకు. పేరు మారుద్ది పాత్ర మారదు. వెర్సటైల్ వెర్సటైల్ అని అందరూ అంటుంటే నాకు నవ్వొస్తది. 750 సినిమాల్లో గుర్తుండేవి 50 అనుకుందాం, మిగతా 700 ఏంటి మరి?

హిమబిందు_ఆర్
మిగతా 700 ఆయన వృత్తి. హీరో ఏడాదికి ఒకటి చేస్తాడు, కథ తన కోసమే రాస్తారు. సపోర్టింగ్ ఆర్టిస్టుకి కథ ఎవరు రాస్తారు? ఈ వారం ఈ సెట్లో మూడు రోజులు, వచ్చే వారం ఇంకో సెట్లో రెండు రోజులు, కొన్నిసార్లు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. వెళ్ళాక చేతికిచ్చే పేపర్లో ఏముంటే అది. తెల్ల చొక్కా సోఫా డైరెక్టర్ పెట్టిందండి, ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు.

ఓపెన్‌గా_చెప్తా
అలా అయితే ఒప్పుకోకుండా ఉండాల్సింది

హిమబిందు_ఆర్
ఒప్పుకోకపోతే ఇంకోణ్ణి పెట్టుకుంటారు, ఆ ఇంకోడు ముంబై నుంచి వస్తాడు.

సీడెడ్_సింగన్న
ఇప్పుడొచ్చినారు పాయింటుకి. కోట గారు మైకు దొరికినప్పుడల్లా మన వాళ్ళుండగా పరభాషోళ్ళని తెచ్చుకోవడమేందని మొగమాటం లేకుండా అడిగినారు, ఎవరికి కోపమొచ్చినా లెక్కజేయలేదు. నేనైతే ఆయన పక్షమే. ఒక విలన్ ఉంటాడప్పా, ఆరడుగులు, కండలు, మీసం, తెలుగు ఒక్క ముక్క రాదు. సెట్లో ఒకటి రెండు మూడు అని అంకెలు జెప్పిస్తే పెదాలాడతాయి, మాట ఇంకోరు పెడతారు. మా సీమ ఫ్యాక్షనిస్టు అంటాడు, వాని మొగం జూస్తే సీమ నీళ్ళు కూడా తాగినట్టుండదు. అదే జయప్రకాష్ రెడ్డి గారు నోరు దెరిస్తే మా వీధిలో ఎవరో పిలిచినట్టుంటాది. ప్రేమించుకుందాం రా జూసినప్పుడు మా జేజి నిజంగానే తిట్టింది ఆయన్ని, వీని కొంపలు గూల అని.

తెలుగుతక్కువ_తంబి
సింగన్న గారు ఒక చిన్న చిక్కుంది మీ వాదనలో. నేను చెన్నైలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇక్కడ 2003లో సామి వచ్చింది, విక్రమ్ పోలీసు, విలన్ పెరుమాళ్ పిచ్చై. ఎవరు? కోట గారు. తమిళంలో ఆయనకి అదే మొదటిది. తిరునెల్వేలి మనిషి పాత్ర. ఇక్కడ మా ఆఫీసులో తెలుగు సినిమా ఒక్కటీ చూడనివాళ్ళకి కూడా పెరుమాళ్ పిచ్చై తెలుసు. తర్వాత తిరుప్పాచిలో మళ్ళీ విలన్. హిందీలో సర్కార్‌లో కూడా ఉన్నారు, సెల్వర్ మణి. మరి అక్కడి నటులకి ఆయన పరభాషోడే కదా? వాళ్ళు కూడా మైకు పట్టుకుని అడగొచ్చు కదా?

సీడెడ్_సింగన్న
ఆయన్ని పిలిచింది నటన కోసం, కండల కోసం గాదు

తెలుగుతక్కువ_తంబి
ప్రకాష్ రాజ్ గారిని మనం పిలిచింది కూడా నటన కోసమే కదండి. ఆయన తెలుగు నేర్చుకుని సొంత గొంతుతో చెప్తారు.

సీడెడ్_సింగన్న
ఆయన్ని ఎవరేమన్నారప్పా. నేర్చుకున్నోళ్ళ గురించి గాదు నేను మాట్లాడేది, అంకెలు లెక్కబెట్టేటోళ్ళ గురించి.

రంగస్థలం_రాజు
అంకెలోళ్ళ మాటెత్తారు కాబట్టి, వాళ్ళకి గొంతిచ్చేవాళ్ళని మర్చిపోవద్దు. అరుంధతిలో పశుపతిని జనం అంతలా గుర్తుపెట్టుకున్నారంటే అందులో సగం రవిశంకర్ గారి గొంతు. సోనూ సూద్ గారి మొహం, ఈయన మాట, రెండూ కలిస్తేనే పశుపతి. నాకైతే కోట గారి లాంటివాళ్ళ దగ్గర ఆ రెండూ ఒకచోటే ఉండటం వల్ల వచ్చే సుఖం వేరు. మాట ఎక్కడ ఆగుతుందో కన్ను అక్కడే ఆగుతుంది. డబ్బింగ్‌లో ఎంత గొప్పోడైనా అది వెంట్రుకవాసి తప్పుతుంది.

పాతరీలు
నేను అడిగింది ఒకటి, మీరు వెళ్ళింది ఒకచోటికి. అయినా పర్లేదు చదవడానికి బాగుంది. కానీ నా డౌటు తీరలా. అన్నీ చేసినోడిని ఏమని గుర్తుపెట్టుకోవాలి?

మీసాల_మావయ్య
నేను చెప్తా ఉండు. రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకో. ఒకటి నీ కోడి సినిమానే, అహ నా పెళ్ళంట, జంధ్యాల గారిది 1987. రెండోది ఆ నలుగురు, 2004. రెండింట్లోనూ కోట పిసినారే. అక్కడ లక్ష్మీపతి, ఇక్కడ వడ్డీలకిచ్చే కోటయ్య. 17 ఏళ్ళ తేడా.
లక్ష్మీపతి పిసినారితనానికి హద్దు లేదు, బట్ట అరుగుద్దని పేపరు చుట్టుకునే రకం, మనం నవ్వుతాం. కానీ ఆయన నవ్వడు చూడు. ఒక్క చోట కూడా నేను కామెడీ చేస్తున్నాను అని మొహంలో పెట్టడు. కోడిని చూసి అన్నం తినేటప్పుడు ఆ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలే తీరు చూడు, నిజంగా కూర తగిలినవాడి తృప్తి ఉంటది మొహంలో. నమ్మి చేశాడు కాబట్టి 40 ఏళ్ళకి కూడా రీల్స్‌లో తిరుగుతుంది. నీకు ఆ సీను మీద కోపమెందుకసలు.
ఆ నలుగురులో కోటయ్యది కూడా అదే జబ్బు, పైసా పైసా లెక్క. మొదట్లో నవ్వొస్తది, రాజేంద్రప్రసాద్ గారి పాత్ర పక్కన పెట్టేసరికి ఇద్దరిలో ఎవరి లెక్క కరెక్టో అని మనకే అనుమానమొస్తది. చివరికొచ్చేసరికి ఆ పిసినారి మొహం చూస్తే గొంతు పట్టేస్తది నాకు. దానికి ఉత్తమ క్యారెక్టర్ యాక్టర్ నంది ఇచ్చారు. ఒకే రకం మనిషి, ఒకసారి నవ్వించి ఒకసారి ఏడిపించాడు. హీరో పాత్ర చేసి ఇంకో హీరో పాత్ర చేస్తే తేడా తెలీదు, పిసినారి చేసి ఇంకో పిసినారి చెయ్యి తెలుస్తది.

ఓపెన్‌గా_చెప్తా
మావయ్యా ఇది బాగుంది. అయినా నా 700 కి సమాధానం రాలా.

మీసాల_మావయ్య
నీకు 700 కావాలంటే నువ్వే చూసి చెప్పు, పింఛను వచ్చాక మొదలుపెట్టు

కవిత_కర్నూల్
నాకు బొమ్మరిల్లు. ఎవరూ చెప్పలేదేంటి ఇంకా? ఆ సినిమాలో అందరూ ప్రకాష్ రాజ్ చేసిన తండ్రి గురించే మాట్లాడతారు, చివర్లో సిద్ధార్థ్ సీను గురించి మాట్లాడతారు. హాసిని నాన్న కనకారావు గురించి ఎవరైనా మాట్లాడారా? కూతురు ఇష్టపడ్డ అబ్బాయి ఇంటికి వారం రోజులు పంపిస్తాడు చూడండి, 2006లో ఏ తండ్రి పంపిస్తాడండి, ఎవరు చేసినా నమ్మేవాళ్ళం కాదు. ఈయన మొహంలో కూతురి మీద నమ్మకం, అబ్బాయి మీద అనుమానం, రెండూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి నమ్మాం. ఆడపిల్ల తండ్రి అంటే సినిమాల్లో కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు, లేదా కాళ్ళ మీద పడి ఏడ్చేవాడు. ఈయన రెండూ కాదు, ఇంటికెళ్తే కనబడే నాన్న. మా ఇంట్లో నా పెళ్ళి మాటలప్పుడు నాన్న నన్ను ఏం అడగాలో తెలీక పేపరు తిరగేసి పట్టుకుని కూచున్నారు, నాకు వెంటనే కనకారావే గుర్తొచ్చాడు.

గోంగూర_గుర్నాథం
పేపరు చుట్టుకోలేదు కదా

కవిత_కర్నూల్
😂😂 మీరు మారరు

బెజవాడ_బుల్లోడు
కామెడీ అంటే బాబూమోహన్ జోడీ ఎవరూ ఎత్తలేదు. 90ల్లో వాళ్ళిద్దరూ కనబడితే చాలు హాల్లో నవ్వు మొదలయ్యేది, ఇంకా మాటే రాకముందే. మామగారు సినిమా నుంచి మొదలు. ఈయన తన్నేవాడు, ఆయన తన్నించుకునేవాడు. అది చూసి ఇది మొరటు కామెడీ అన్నోళ్ళున్నారు. ఉండొచ్చు. కానీ చెంపదెబ్బ టైమింగ్ తప్పితే నవ్వు రాదండి, ఏడుపొస్తది. ఇద్దరిలో ఒకడు అరసెకను ముందు కదిలినా సీను పోద్ది. మాయాబజార్‌లో రంగారావు గారు గదాయుధం తిప్పినంత ప్రాక్టీసు దీనికీ కావాలి.

రంగస్థలం_రాజు
రంగారావు గారి పేరెత్తారు కాబట్టి. మాంత్రికుడు, ఘటోత్కచుడు, కీచకుడు, హిరణ్యకశిపుడు, అవన్నీ చేసిన చేత్తోనే మిస్సమ్మలో నాయన వేషం. నర్తనశాల కీచకుడికి జకార్తా ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. ఆయన తర్వాత గుమ్మడి, నాగభూషణం, సత్యనారాయణ, రావుగోపాలరావు, నూతన్‌ప్రసాద్, అందరూ హీరో పక్కన నిలబడి సినిమా మోసినవాళ్ళే. కోట గారు ఆ వరసలోవారే. అయితే పౌరాణికం, జానపదం కోట గారికి పెద్దగా దక్కలేదు, ఆయన వచ్చేసరికి ఆ కాలం అయిపోయింది. మిగిలింది రాజకీయ నాయకుడు, పిసినారి, పోలీసు, తండ్రి. ఉన్న సరుకుతోనే చేశారు. ఓపెన్ గారూ, మీ 700 కి ఇదొక జవాబనుకోండి.

ఓపెన్‌గా_చెప్తా
కొంచెం ఒప్పుకుంటా. కొంచెమే.

క్యాషియర్_రిటైర్డ్
రాజకీయ నాయకుడి పాత్రలంటే గుర్తొచ్చింది, నిజంగానే ఎమ్మెల్యేగా కూడా చేశారు. 1999లో విజయవాడ తూర్పు నుంచి, బీజేపీ తరఫున. ఒక్కసారే. అప్పటికి తెర మీద ఎన్ని శాఖలకి మంత్రిగా చేసి ఉంటారో లెక్కలేదు, అసెంబ్లీలో మాత్రం ఎమ్మెల్యేనే.

నల్లగొండ_నర్సన్న
మంత్రి అనుభవం సర్టిఫికెట్ చూపియ్యకపాయె

బెజవాడ_బుల్లోడు
రాజకీయం సంగతొస్తే మండలాధీశుడు కూడా చెప్పుకోవాలి. 1987లో ఎన్టీఆర్ గారు ముఖ్యమంత్రిగా ఉండగా కోట గారు ఆయన్ని పోలిన పాత్ర వేశారు. మా ఊళ్ళో అప్పుడు కోట పేరెత్తితే కొట్టేంత కోపంగా ఉండేవాళ్ళు అభిమానులు. దాని వల్ల ఎంత ఇబ్బంది పడ్డారో తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పారు. అదే ఏడు లక్ష్మీపతి కూడా రావడం చూడండి, ఒక సినిమాతో తిట్టినోళ్ళు ఇంకో సినిమాకి పొట్ట పట్టుకుని నవ్వారు. సపోర్టింగ్ ఆర్టిస్టుకి ఉన్న వెసులుబాటు అదే, హీరోకైతే ఒక్క దెబ్బ తగిలితే మూడేళ్ళు పడుతుంది లేవడానికి.

నిద్రరాని_గుడ్లగూబ
అర్ధరాత్రి మొత్తం చదివా. శివ ఎవరూ అనలేదు. మాచిరాజు. రఘువరన్ భవానిని చూసి అందరూ వణికిపోతుంటే ఆ భవాని ఎవరి దయ మీద బతుకుతున్నాడో ఈయన సీన్లు చూస్తే తెలుస్తుంది. సీన్లు తక్కువే. కాలేజీ గొడవ అనుకున్నది ఊరి రాజకీయం అని అర్థమయ్యేది ఈయన వల్లే. సినిమా సైజు పెంచాడు ఈయన కుర్చీలో కూచుని.

హిమబిందు_ఆర్
సినిమా సైజు పెంచాడు, ఈ మాట నేను దొంగిలిస్తున్నా.

కవిత_కర్నూల్
పాట కూడా పాడారండోయ్, గబ్బర్‌సింగ్‌లో మందుబాబులం. 2012కి 70 ఏళ్ళు ఆయనకి. అంతకి రెండేళ్ళ ముందే కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ పాట ప్రతి పెళ్ళిలో డీజే పెడతాడు, నేను మాత్రం అది వినబడితే కొంచెం పక్కకి వెళ్తా.

మీసాల_మావయ్య
ఆ సంగతి తెలిశాక నాకూ ఆ పాట మామూలుగా వినబడదమ్మా.

తెలుగుతక్కువ_తంబి
తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ. మరీ అన్యాయం జరిగిందని అనలేం కదా? పాతరీలు గారి కంప్లయింటు గుర్తింపు గురించి అయితే గుర్తింపు వచ్చింది. జనం ఏం గుర్తుపెట్టుకుంటారనేది వాళ్ళిష్టం. ఇక్కడ చెన్నైలో ఒక్కడికీ కోడి సీను తెలీదు, వాళ్ళకి ఆయన భయంకరమైన విలన్ అంతే. కామెడీ చేస్తాడని నేను చెప్తే మా కొలీగ్ నమ్మలా.

పాతరీలు
ఇది భలే ఉంది. మావాడు విలనంటే నమ్మడు, మీవాడు కామెడీ అంటే నమ్మడు. ఇద్దర్నీ ఒక గదిలో కూచోబెట్టాలి.

నల్లగొండ_నర్సన్న
గా గదిల గాయం పెట్టుండ్రి ముందుగాల. నేను అంత కోపంగ రాసిన గని, గురునారాయణను మాత్రం నేను ఎన్నిసార్లన్న చూస్త. ఎందుకంటె గా సినిమాల మా భాష మీద ఎవ్వలు నవ్వరు. రాజు సారు చెప్పింది ఆడికి నిజమే. గణేష్ మంత్రిని మాత్రం నేను ఇంక మాఫ్ చేస్తలేను.

బెజవాడ_బుల్లోడు
గణేష్‌కి కూడా నందే వచ్చింది నర్సన్నా

నల్లగొండ_నర్సన్న
వాళ్ళిచ్చిన్రు. నేనియ్యలె.

సీడెడ్_సింగన్న
😄 ఇదీ మాట

ఓపెన్‌గా_చెప్తా
సరే చివరిగా ఒకటి అడిగి పోతా. ఇప్పుడెవరు? రావు రమేష్ గారు తప్ప నాకు పేరు రావట్లేదు. మాట విరుపు ఆయనకి ఇంట్లోంచే వచ్చింది, రావుగోపాలరావు గారబ్బాయి కాబట్టి. కానీ కోట గారిలా తన్నే కామెడీ నుంచి ఏడిపించే ముసలాయన దాకా వెళ్ళేవాళ్ళు?

రంగస్థలం_రాజు
భరణి గారున్నారు కదా. శివలో నానాజీ నుంచి ఎక్కడిదాకా వచ్చారో చూడండి. రాస్తారు కూడా.

మీసాల_మావయ్య
భరణి మన తరం వాడే, ఆయన అడిగేది కుర్రాళ్ళ సంగతి

హిమబిందు_ఆర్
కుర్రాళ్ళలో చేయగలిగినవాళ్ళు ఉన్నారు, చేయించేవాళ్ళు తక్కువ. పది సినిమాల్లో హీరో ఫ్రెండ్ వేయించి పదకొండో దాంట్లో ఇతనికి రేంజ్ లేదు అంటే ఎలా? ఇప్పుడు వెబ్ సిరీస్‌లు వచ్చాక కొంచెం నయం, ఎనిమిది ఎపిసోడ్లు ఉంటే పక్క పాత్రకి కూడా ఒక ఇల్లు, ఒక అప్పు, ఒక పెళ్ళాం ఇస్తున్నారు.

గోంగూర_గుర్నాథం
ఒక కోడి కూడా ఇవ్వాలి

పాతరీలు
అడ్మిన్ గారూ ఈసారి నిజంగానే

అడ్మిన్_అప్పారావు
అంతా చదివా. గుర్నాథాన్ని బ్యాన్ చెయ్యను, నాక్కూడా ముందు కోడే గుర్తొచ్చింది. నూతన్‌ప్రసాద్ గారి మీద కొత్త థ్రెడ్ పెట్టమని ఇద్దరు మెసేజ్ చేశారు, రాజు గారూ మీరే మొదలుపెట్టండి.

రంగస్థలం_రాజు
ఆదివారం రాస్తాను. పొడుగు ఉంటుంది, తిట్టుకోవద్దు.

ఓపెన్‌గా_చెప్తా
తిట్టే పని నాదే కదా, వస్తా